సొసైటీలో ఉద్యోగమా? ముందు పాల చీటీ చదవండి

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. డీసీసీబీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు, లేదంటే గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటున్నారు. 'సహకార రంగం' అనగానే మీకు గుర్తొచ్చేది బహుశా జనరల్ స్టడీస్‌లో వచ్చే ఒక బిట్టు. ఊరికి వెళ్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. సగం రోజులు తాళం వేసి ఉండే సొసైటీ ఆఫీసు, యూరియా లారీ వచ్చిన రోజు దాని ముందు మనుషులకు బదులు క్యూలో నిలబడ్డ చెప్పులు. ఇంత నీరసమైన చోట పేదరికం తగ్గించే శక్తి ఏముంటుంది, మనకు ఉద్యోగం ఏముంటుంది అనిపించడం సహజమే.

ఆ మాట తేల్చుకునే ముందు ఒక పని చేయండి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పాల కేంద్రంలో ఇచ్చే చీటీ తీసి చదవండి. లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు... అంతే, నాలుగు అంకెలు. కిలో వెన్నకు 800 రూపాయల లెక్కన కొంటున్నారనుకుందాం. మీ గేదె పాలలో వెన్న 6 శాతం ఉంటే లీటరుకు దాదాపు 48 రూపాయలు రావాలి. కొలిచేవాడు 5.5 అని రాస్తే 44 వస్తాయి. తేడా నాలుగు రూపాయలే. ఎవరూ పోట్లాడరు. కానీ రోజుకు ఎనిమిది లీటర్లు, ఏడాదిలో 300 రోజులు పోస్తే ఆ అర శాతం విలువ 9,600 రూపాయలు.

ఇప్పుడు వడ్ల దగ్గరకు రండి. మూడెకరాలు, ఎకరానికి 25 క్వింటాళ్లు. కాంటా దగ్గర క్వింటాలుకు మూడు కిలోల తరుగు తీశారనుకోండి. మొత్తం 225 కిలోలు. 2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఒక్క పంటకు 5,330 రూపాయలు తరుగులో పోయాయి. ఇక పెట్టుబడికి తెచ్చిన లక్ష రూపాయలు. షావుకారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 వేలు. అదే పంట రుణం 7 శాతానికి దొరికితే 7 వేలు. తేడా 17 వేలు.

మూడూ కలపండి. దాదాపు 32 వేలు. కష్టం పెరగలేదు, పొలం పెరగలేదు, గేదె కూడా అదే. కేవలం కొలత, తూకం, వడ్డీ ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఒక చిన్న రైతు ఇంట్లో అంత డబ్బు ఉండటమో, పోవడమో జరుగుతుంది. మీ కాలేజీ ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు ఇందులోంచే కదా రావాలి. సహకార సంఘం చేసే పనంతా ఈ మూడు చోట్లే ఉంది: కొలిచే యంత్రం, కాంటా, అప్పు పుస్తకం అమ్మేవాళ్ల చేతిలోకి తీసుకురావడం. ఇందులో దానధర్మం ఏమీ లేదు.

గుజరాత్‌లో మొదలైన గొడవ కూడా కొలత, ధర గురించే. ఖేడా జిల్లా రైతుల పాలు కాంట్రాక్టర్ల ద్వారా ఒక ప్రైవేటు డెయిరీకి, అక్కడి నుంచి బొంబాయికి వెళ్లేవి. లాభం బొంబాయిలో, నష్టం ఖేడాలో. విసిగిపోయిన రైతులు కాంట్రాక్టర్లకు పాలు పోయడం ఆపేశారు. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో 1946 డిసెంబరులో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ రిజిస్టర్ అయింది. వర్ఘీస్ కురియన్ అక్కడికి వచ్చింది 1949లో. అమూల్ కథలో అందరూ కురియన్‌నే తలచుకుంటారు, తప్పులేదు. కానీ ఒకటి గమనించండి. ఇంజినీరు రాకముందే సంఘం ఉంది. రైతులు పెట్టుకున్న సంఘానికి చదువుకున్న ఉద్యోగి దొరికాడు. మీలాంటి వాళ్లకు ఆ కథలో ఉన్న పాత్ర అదే.

మన దగ్గరి పాఠం: ముల్కనూర్

ఉదాహరణకు గుజరాత్ దాకా పోనక్కర్లేదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూర్ ఉంది. ఒకప్పుడు ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో 14 ఊళ్ల రైతులు అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పెట్టుకున్నారు. అప్పటికి సభ్యులు 400 మంది కూడా లేరు. మెట్ట ప్రాంతం, బావుల మీద సేద్యం, షావుకారు అప్పులు. ఇవాళ వేలాది మంది సభ్యులున్న ఆ సంఘాన్ని చూడ్డానికి ఇతర రాష్ట్రాల నుంచి కూడా బస్సుల్లో వస్తుంటారు.

చూసేవాళ్లకు కనిపించేది రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, గోదాములు. అసలు విషయం మాత్రం వాటి వరుసలో ఉంది. సొసైటీ సభ్యుడికి పంట అప్పు ఇస్తుంది. అదే సొసైటీ విత్తనం, ఎరువు ఇస్తుంది. పండిన పంటను అదే సొసైటీ కొంటుంది, మిల్లు ఆడించి అమ్ముతుంది. అప్పు పంట డబ్బులోంచి తీరుతుంది. మిగులు ఉంటే తిరిగి సభ్యుడికే వస్తుంది. అప్పు ఒకరి దగ్గర, ఎరువు ఇంకొకరి దగ్గర, అమ్మకం మూడో మనిషి దగ్గర అయితే మూడుచోట్లా రైతు బలహీనుడే. అప్పిచ్చిన షావుకారే పంట కొనేవాడైతే ఇక ధర అడిగే నోరే ఉండదు. ముల్కనూర్‌లో కూడా అప్పిచ్చేదీ కొనేదీ ఒకరే. కానీ ఆ ఒకరు రైతులే. తేడా అక్కడ పడింది. వరి విత్తనోత్పత్తి చేయించడం ఈ సంఘం తీసుకున్న మరో తెలివైన నిర్ణయం. మామూలు వడ్ల కన్నా విత్తన వడ్లకు ధర ఎక్కువ, కాకపోతే దానికి శాస్త్రీయమైన పద్ధతి, క్రమశిక్షణ కావాలి. ఒక్కో రైతు విడిగా చేయలేని పని అది.

ఆ ఊరి పేరుతోనే ఇంకో సంఘం ఉంది. 2000లో మొదలైన ముల్కనూర్ మహిళా సహకార డెయిరీ. 'స్వకృషి' ప్యాకెట్లు హనుమకొండ, వరంగల్‌లో చదువుకున్నవాళ్లు చూసే ఉంటారు. సభ్యులు మహిళలే, పాలకవర్గంలోనూ మహిళలే. పాల డబ్బు పాలు పోసిన మహిళ పేరు మీదే లెక్క కడతారు. ఏడాది చివర మిగిలిన దాంట్లోంచి ఎవరు ఎన్ని పాలు పోశారో దాన్ని బట్టి బోనస్ ఇస్తారు. వాటా ఎంత పెట్టారన్నది కాదు, సంఘాన్ని ఎంత వాడుకున్నారన్నది లెక్క. కంపెనీకీ సహకార సంఘానికీ ఉన్న తేడా ఒక్క వాక్యంలో చెప్పమని ఇంటర్వ్యూలో అడిగితే ఇదే చెప్పండి. ఓటు కూడా అంతే, మనిషికి ఒకటి. పది గేదెలున్నా, ఒక్క గేదె ఉన్నా.

ఈ డెయిరీ ఊరికే పుట్టలేదు. అంతకు ముందు పదేళ్లుగా వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సహవికాస అనే సంస్థ తోడ్పాటుతో మహిళల పొదుపు సంఘాలు నడుస్తున్నాయి. నెలనెలా కొంత జమ చేయడం, అందులోంచే అప్పు తీసుకోవడం, లెక్క అందరి ముందు చదవడం. సొంత డబ్బు లెక్క చూసుకోవడం నేర్చుకున్న తర్వాతే డెయిరీ లాంటి పెద్ద వ్యవహారంలోకి దిగారు. మన దగ్గర చాలా సంఘాలు దీనికి సరిగ్గా తిరగేసి మొదలవుతాయి. ముందు బిల్డింగు, తర్వాత సబ్సిడీ, చివర్లో సభ్యులు.

చట్టం చదివితే మార్కులూ వస్తాయి, లోగుట్టూ తెలుస్తుంది

గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఈ భాగాన్ని నోట్సులో రాసుకోవచ్చు. దేశంలో తొలి సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. మనకు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ఉంది. దాని కింద సంఘంలో ప్రభుత్వానికి వాటా ఉండొచ్చు, రిజిస్ట్రార్‌కు చాలా అధికారాలుంటాయి. ఎన్నికలు వాయిదా పడి పర్సన్ ఇన్‌చార్జిల చేతుల్లో ఏళ్ల తరబడి నడిచిన సొసైటీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సభ్యుడికి ఓటు లేని సంఘంలో సభ్యుడి మాటకు విలువెక్కడిది? సొసైటీ అంటే 'సర్కారు ఆఫీసు' అని మన ఊళ్లలో అనుకోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడుగా 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చారు. 'మ్యాక్స్' చట్టం అంటారు. దేశంలో ఇలాంటి చట్టం ముందుగా చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యుల డబ్బుతో, సభ్యులు రాసుకున్న నిబంధనలతో నడిచే సంఘాలకు ఇది దారి ఇచ్చింది. స్వకృషి డెయిరీ దీని కిందే నమోదైంది. అరకు లోయలో కాఫీ పండించే చిన్న, సన్నకారు గిరిజన రైతుల సంఘం కూడా ఈ చట్టం కిందిదే. వాళ్ల కాఫీకి 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచిన సంగతి మీరు వినే ఉంటారు.

తర్వాత 2011లో 97వ రాజ్యాంగ సవరణ. సహకార సంఘాలు ఏర్పాటు చేసుకోవడం 19(1)(సి) కింద ప్రాథమిక హక్కు అయింది, ఆదేశ సూత్రాల్లో 43బి చేరింది. సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్ర పరిధిలోని సంఘాలకు సంబంధించినంత వరకు 9బి భాగాన్ని సుప్రీంకోర్టు 2021 జులైలో కొట్టేసింది. అదే నెలలో కేంద్రంలో సహకార మంత్రిత్వ శాఖ ఏర్పడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక ప్రశ్న రావడానికి అవకాశం ఉంది, చూసుకోండి.

మునిగిపోయినవీ ఉన్నాయి

అన్నీ ముల్కనూర్‌లు కావు. చిత్తూరులో ఒకప్పుడు ఎంతో పెద్ద సహకార డెయిరీ ఉండేది. 2002లో మూతపడింది. ఎందుకు మూతపడిందన్న దానిపై రాజకీయంగా ఇప్పటికీ వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి, అందులోకి మనం వెళ్లక్కర్లేదు. పాలు పోయడానికి ఇంకో చోటు లేకపోతే రైతు బేరమాడే బలం పోతుందన్నది మాత్రం ఏ వాదంతోనూ పనిలేని సంగతి. ఇక 2001లో సికింద్రాబాద్‌లోని కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలినప్పుడు దాచుకున్న డబ్బు కోసం జనం రోడ్డున పడ్డారు. పేరులో 'సహకార' ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. అర్బన్ బ్యాంకులు, డీసీసీబీలు, రాష్ట్ర సహకార బ్యాంకుల్లోని డిపాజిట్లకు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. ఊళ్లోని ప్రాథమిక సొసైటీలో వేసిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు. ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

ఇంకో లోటు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పాల సంఘం గేదె ఉన్నవాళ్లకు, పరపతి సంఘం భూమి ఉన్నవాళ్లకు. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతుకు సొసైటీ అప్పు దొరకడం ఎంత కష్టమో మీ ఊళ్లోనే చూడొచ్చు. అందరికన్నా పేదవాళ్లు, అంటే రెక్కల కష్టం తప్ప ఏమీ లేనివాళ్లు ఈ లెక్కలోకి రారు. సహకారం పేదరికాన్ని తగ్గిస్తుందని రాసే వ్యాసాలు ఈ చిక్కును దాటేస్తుంటాయి.

దానికి ఒక జవాబు కేరళలో దొరుకుతుంది. కోజికోడ్ జిల్లా వడకర దగ్గర ఊరాళుంగల్. అక్కడ వాగ్భటానందుడు అనే సంస్కర్త కుల వివక్షకు వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. ఆయన వెంట నడిచిన కూలీలకు భూస్వాములు పని ఇవ్వడం మానేశారు. పని ఇచ్చేవాడు లేకపోతే మనమే పని తెచ్చుకుందామని 1925లో 14 మంది కలిసి కూలీల సంఘం పెట్టుకున్నారు. చిన్నచిన్న కాంట్రాక్టు పనులతో మొదలుపెట్టిన ఆ ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సొసైటీ ఇవాళ రోడ్లు, వంతెనలు, భవనాలు కడుతుంది, కోజికోడ్‌లో సైబర్ పార్కు కూడా కట్టింది. తాపీ పట్టుకున్న కూలీ దాని యజమానుల్లో ఒకరు. సివిల్ ఇంజినీర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు అందులో ఉద్యోగులు. కూలీలు యజమానులుగా ఉన్న చోట ఇంజినీరు జీతానికి పనిచేయడం... బీటెక్ చదివేవాళ్లు ఒకసారి ఊహించుకోండి.

ఇందులో మీ ఉద్యోగం ఎక్కడ?

అందరికీ తెలిసిన దారి డీసీసీబీలు, వాటి పైన తెలంగాణలో టీజీక్యాబ్, ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాబ్. స్టాఫ్ అసిస్టెంట్, అసిస్టెంట్ మేనేజర్ పోస్టులకు డిగ్రీ ఉండాలి, తెలుగు రావాలి. ఆన్‌లైన్ పరీక్షలో ఇంగ్లిష్, రీజనింగ్, లెక్కలు ఉంటాయి కాబట్టి బ్యాంకు క్లర్కు పరీక్షకు చదివిన చదువే పనికొస్తుంది. స్థానికత నిబంధన ఉంటుంది, నోటిఫికేషన్‌లో ఆ పేరా వదిలేయకుండా చదవండి.

రెండో దారి గురించి కోచింగ్ సెంటర్లు అంతగా చెప్పవు. దేశంలో 63 వేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022లో 2,516 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. చేతిరాత పుస్తకాల్లోని అప్పులు, వాటాలు, బకాయిలు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతున్నాయి. పాత లెక్క ఎక్కడ తేడా పడిందో చెప్పగలిగే బీకామ్ కుర్రాడు, ఆ తేడాను రైతుకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పగలిగే అమ్మాయి... ఇద్దరూ అవసరమే. సొసైటీల్లో జీతాలు బ్యాంకుల్లో ఉన్నట్లు ఉండవు, అది ముందే తెలుసుకుని వెళ్లండి. లక్ష్యం కేవలం జీతమే అయితే డీసీసీబీ దగ్గరే ఆగండి.

డెయిరీ వైపు ఆసక్తి ఉంటే కామారెడ్డి, తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ బీటెక్ కళాశాలలున్నాయి. మేనేజ్‌మెంట్ వైపు అయితే ఆనంద్‌లోని ఇర్మా. 2025లో వచ్చిన చట్టంతో అది త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగమైంది. పేరు గమనించారు కదా, ఖేడా రైతులను కూడగట్టిన త్రిభువన్‌దాస్ పటేల్‌దే. పుణెలో వైకుంఠ్ మెహతా సంస్థ అగ్రి బిజినెస్‌లో పీజీ డిప్లొమా నడుపుతోంది. ఇవేవీ వద్దు, ముందు రుచి చూద్దామంటే జాతీయ సహకార అభివృద్ధి సంస్థ 2020లో మొదలుపెట్టిన 'సహకార్ మిత్ర' అనే ఇంటర్న్‌షిప్ ఉంది. నాలుగు నెలలు, భృతితో.

ఏ సంఘంలో చేరాలన్నా, ఉద్యోగిగానైనా సభ్యుడిగానైనా, వెళ్లే ముందు కొన్ని సంగతులు కనుక్కోండి. చివరిసారి ఎన్నికలు ఎప్పుడు జరిగాయి? ఆడిట్ ఏ సంవత్సరం దాకా పూర్తయింది? ఇచ్చిన అప్పుల్లో గడువు దాటిన బకాయి ఎంత? అందులో పాలకవర్గ సభ్యుల బకాయి ఎంత? ఈ చివరి ప్రశ్న అడగ్గానే గదిలో వాతావరణం మారితే మీకు సగం జవాబు దొరికినట్లే. పాల కేంద్రమైతే వెన్న కొలిచే యంత్రం అంకె పాలు పోసేవాళ్లకు కనిపించేలా తిప్పి పెట్టారా, కొలిచేవాడి వైపే ఉందా చూడండి.

మీ ఊళ్లో సంఘమే లేకపోతే? మ్యాక్స్ చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చాలు. కానీ పదిమంది దొరికారు కదా అని రేపే రిజిస్ట్రేషన్‌కు పరుగెత్తకండి. వరంగల్ మహిళలు చేసినట్లు ముందు ఆరు నెలలో, ఏడాదో నెలకు ఇంత అని జమ చేసి, ఒకరికొకరు అప్పు ఇచ్చుకుని, ప్రతి నెలా లెక్క బయటికి చదవండి. ఎవరు మాట మీద నిలబడతారో, ఎవరు తప్పించుకుంటారో ఆ కాలంలోనే తేలిపోతుంది.

ఊళ్లో సొసైటీ ఉంటే మొదటి పని ఇంకా తేలిక. మీ అమ్మో నాన్నో అందులో సభ్యులై ఉంటారు. మహాజన సభకు నోటీసు వస్తుంది, చాలా ఇళ్లలో అది టీవీ వెనక ఎక్కడో దోపి ఉంటుంది. ఈసారి వాళ్లను వెళ్లమనండి, వీలైతే మీరూ తోడు వెళ్లండి. సభలో జమాఖర్చుల పట్టిక చదువుతారు, చాలాచోట్ల చదివినట్లు చదివి ముగిస్తారు. 'వసూలు కావాల్సిన బకాయిలు' అన్న వరుస దగ్గర ఆపి, పోయినేడాది అంకె కూడా పక్కన చదవమని మీ నాన్నతో అడిగించండి.